ఎర్తింగ్ గుంత మీద పుదీనా

పొద్దున్నే రెండు బిందెల నీళ్ళు నేలకు తాగించడం నా ఉద్యోగంలో ఒక పని. చెట్టుకు కాదు, బర్రెకు కాదు, ఉత్త నేలకే. ఈ మాట చెబితే మా ఉప్పుగూడ గల్లీలో ఆడవాళ్ళు పడి పడి నవ్వుతారు. "మట్టికి నీళ్ళు పోసుడు గూడ నౌకరేనా వదినా, మాకు గూడ ఇప్పియ్యరాదు" అంటారు. నేను కూడా వాళ్ళతో నవ్వుతాను. నవ్వనీ. ఆ నేలకు నీళ్ళతో పాటు ఇంకొకటి కూడా పెట్టాలి. అది పెట్టకుండా నేను మూడేళ్ళు గడిపాను. దాని మూలంగా ఢిల్లీ నుంచి లారీలో వచ్చిన యంత్రానికీ మా యంత్రానికీ మూడు రోజులు పొత్తు కుదరలేదు. ఆ సంగతి చెబుతాను.

చెప్పేది నేను, రాసేది మా కోడలు. నాకు సంతకం వచ్చు, బస్సు నంబరు వచ్చు, క్యాలెండరులో ఎర్ర తారీఖులు వచ్చు. అక్కడితో నా చదువు సరి. నా గొంతు పగిలిన డప్పులా ఉంటుంది కాబట్టి పక్కింటివాళ్ళు కూడా వింటూనే ఉంటారు. విననీ, వాళ్ళకూ తెలియని సంగతే.

నేను పనిచేసేది సంతోష్‌నగర్ దాటాక, పెద్ద ప్రహరీ లోపల ఉన్న ఒక సర్కారు ల్యాబులో. అక్కడ తయారు చేసేది ఏమీ లేదు. కొలిచే వాటిని కొలుస్తారు. ఫ్యాక్టరీల వాళ్ళు తమ కరెంటు మీటర్లు పట్టుకొచ్చి, ఇవి సరిగ్గా చూపిస్తున్నాయా లేదా చెప్పండి అంటారు. మా వాళ్ళు చూసి, ఇంత ఎక్కువ చూపిస్తోంది, ఇంత తక్కువ చూపిస్తోంది అని కాగితం రాసి ముద్ర వేసి ఇస్తారు. మా ఆయన అక్కడే అటెండరుగా చేశాడు. ఒక రోజు డ్యూటీ నుంచి వచ్చి చాయ్ అడిగి, చాయ్ మరిగే లోపల పోయాడు. ఆయన తీరే అంత, ఎవరినీ ఎక్కువ సేపు నిలబెట్టేవాడు కాదు. ఆయన పని నాకిచ్చారు.

మా గదికి పెద్ద ఒక మేడం. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. ఆదివారం చర్చికి పోతుంది, మిగతా ఆరు రోజులు ఆ గదిలోనే ఉంటుంది. నేను చేరిన మొదటి రోజు పనంతా దగ్గరుండి చూపించింది. ఊడవాలి గానీ దుమ్ము లేపకూడదు. తడి బట్ట పెట్టకూడదు. కిటికీ తెరవకూడదు. ఎర్ర బల్బు వెలిగితే లోపలికి రాకూడదు. చివరికి వెనక వరండా మెట్లు దిగి, గోడ వారన ఇటుకలు పేర్చిన ఒక గుంత చూపించింది. దాని మధ్యలో ఇనుప గొట్టం నిలబడి ఉంది, దాని నుంచి మందపాటి రాగి పట్టీ మా గది గోడలోకి పోయింది.

"ఇది ఎర్తింగ్ గుంత. మీ ఆయన రోజూ పొద్దుగాల రెండు బిందెలు పోస్తుండె. ఎండలు మొదలయ్యేటప్పుడు ఉప్పు, బొగ్గు వేస్తుండె. స్టోరు నుంచి బస్తాలు వస్తయి. నువ్వు గూడ గట్లనే చెయ్యమ్మా" అంది.

ఎందుకని నేను అడగలేదు. ఎందుకో ఆమె చెప్పలేదు. తప్పు అక్కడ మొదలైంది. ఎక్కువ వాటా నాదే.

ఎందుకు అడగలేదంటే, నాకు తెలుసనుకున్నాను. ఉప్పు, బొగ్గు అంటే మనకు దేనికి? దిష్టికి. పిల్లవాడు పాలు తాగకపోతే ఉప్పు తిప్పి పారేస్తాం, కొత్త ఇంటికి బొగ్గుతో చుక్క పెడతాం. అంత ఖరీదైన యంత్రం గదిలో ఉంది, వచ్చే పోయే పెద్ద సార్లందరి కళ్ళూ దాని మీదే. దానికి దిష్టి తగలకుండా మా ఆయన గుంతలో ఉప్పు వేస్తున్నాడు కాబోలు అనుకున్నాను. మంచి మనిషి కదా అని ఒకసారి కళ్ళు కూడా తుడుచుకున్నాను.

మొదటి ఏడు చెప్పినట్టే ఉప్పు వేశాను. కానీ అప్పటికే ఒక సంగతి జరిగింది. మధ్యాహ్నం అన్నానికి పుదీనా తుంచుకుని, మిగిలిన కాడలు నాలుగు గుంత అంచున గుచ్చాను. ఎర్రటి ఎండలో ఆ ఆవరణ మొత్తం మీద తడిగా ఉండే చోటు అదొక్కటే. ఇరవై రోజుల్లో చాప పరిచినట్టు పాకింది. గుప్పెడు తుంచితే చేతికి సాయంత్రం వరకు వాసన. ఆ ఉప్పు వేశానో లేదో, పది రోజుల్లో ఆకులు నల్లబడి, కాడలు ఎండి, చాపంతా పోయింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

మరుసటి ఏడు స్టోరు నుంచి బస్తాలు వచ్చాయి. నేను ఆలోచించాను. దిష్టికి బస్తాడు ఉప్పు ఎందుకు, గుప్పెడు చాలదా? గుప్పెడు కళ్ళుప్పు, ఒక బొగ్గు ముక్క కాగితంలో పొట్లం కట్టి, గది తలుపు పైన ఎవరికీ కనబడకుండా దోపాను. గుంత చుట్టూ కొత్త కాడలు గుచ్చాను. నీళ్ళు మాత్రం ఒక్క రోజు మానలేదు. బొగ్గు బస్తా చీపుర్లు పెట్టుకునే గదిలో మూలకు నెట్టి, ఉప్పు బస్తా కూడా అక్కడే వేసి, మీద గోనె పరిచి దాని మీద కూర్చోవడం మొదలుపెట్టాను. మూడేళ్ళలో మూడు బస్తాలయ్యాయి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే కుర్చీ కంటే సుఖం.

ఇక యంత్రం సంగతి. చేరిన కొత్తలో అది ఏమిటో నాకు తెలియదు. గది మధ్యలో నడుమెత్తు డబ్బా, దానిలోకి దిగిన పొడుగాటి కడ్డీ, బల్ల మీద డబ్బాలు, తీగలు. ఒక రోజు పని లేనప్పుడు మేడాన్ని అడిగాను.

"డబ్బాల హీలియం ఉంటది. దాని చల్లదనం ముందల ఐసు గూడ పొయ్యి మీది నీళ్ళ లెక్క" అంది. "ఆ కడ్డీ కొసకు గోరంత బిళ్ళ ఉంది. గంత చల్లగయితె ఆ బిళ్ళ మీద వోల్టు మెట్లు మెట్లుగ నిలబడ్తది. మెట్టుకు మెట్టుకు నడుమ నిలవదు. ఆ మెట్టు ఎత్తు మనుషులు చెక్కింది కాదు, అరగదు, తుప్పు పట్టదు. ఇక్కడయినా ఢిల్లీలయినా ఒకటే ఎత్తు. దాన్నే క్వాంటం అంటరు."

"మనుషులు చెక్కకపోతె దేవుడు చెక్కిండా మేడం?"

"ఆదివారం అడిగితె అవునంట. సోమవారం అడిగితె వేరేదంట" అంది మేడం.

"మరి అందరి మీటర్లు దీనితోని చూస్తరు గద. దీన్ని ఎవరు చూస్తరు?"

మేడం నా వైపు తిరిగింది. ఇంత మంది పెద్ద పెద్ద చదువుల వాళ్ళు గదిలోకి వచ్చి ఫోటోలు దిగి పోతారు, ఆ ప్రశ్న తక్కువ మంది అడిగారట. నాకది వింత కాదు. మాది పాల ఇల్లు. మా అత్త లీటరు కొలతతో గల్లీ గల్లీ పాలు పోసేది. ఒక ఇంటావిడ తన సొంత కొలత తెచ్చి, "మీ లీటరు చిన్నగుంది" అని లొల్లి పెట్టింది. మా కొలతలోవి ఆమె కొలతలో పోస్తే వేలెడు తక్కువ. మా అత్త మాట్లాడకుండా ఆమె కొలతలోవి మళ్ళీ మా దాంట్లో పోయించింది. ఇప్పుడు మా దాంట్లో కూడా వేలెడు తక్కువ. రెండు కొలతలూ మంచివే, నడుమ నురగ తేలింది. నురగ దిగే దాకా ఇద్దరూ అరుగు మీద కూర్చుని, చివరికి వియ్యపురాళ్ళలా లేచారు.

ఇది చెబితే మేడం చాలాసేపు నవ్వి, "మేము చేసేది గూడ గదే. ఇసువంటిదే ఇంకొకటి తెచ్చి, దీనికి ఎదురు పెట్టి, నడుమ తేడా చూస్తం. తీగలు అటువి ఇటు మార్చి మళ్ళ చూస్తం. వచ్చే ఎండాకాలం ఢిల్లీ నుంచి వస్తది" అంది.

వచ్చే ఎండాకాలం రానే వచ్చింది. మేడం రిటైరవడానికి ఇంకా ఏడాది ఉంది. ఒక సోమవారం పొద్దున లారీ వచ్చి ఆగింది. పెట్టెలు దిగాయి, వాటితో పాటు ఒక సారు దిగాడు. కోస్తా వైపు మనిషి, ఢిల్లీలో ఎన్నో ఏళ్ళ నుంచి ఉంటున్నాడట. పల్చటి జుట్టు, మెడలో తాడుకు వేలాడే కళ్ళద్దాలు. ఎవరినైనా 'అండీ' అనకుండా మాట్లాడడు. నన్ను కూడా అండీ అన్నాడు. మొదట వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

ఆ రోజంతా పెట్టెలు విప్పడం, తీగలు కలపడం. సాయంత్రం మేడం నన్ను పిలిచి, గది బయట నిలబెట్టి మెల్లగా చెప్పింది.

"చూడమ్మా, హీలియం అయిదు దినాలకే దొరికింది. అది ఊరికెనే ఆవిరైతనే ఉంటది. శుక్రవారం పొద్దుగూకే వరకు డబ్బా ఖాళీ. ఆ లోపల రెండు మిషన్లు ఒక్క మాట మీదికి రావాలె. రాకపోతే మన ముద్ర ఆపుతరు. నేను పోయినంక గీ గదికి తాళమే. అందుకని గీ అయిదు దినాలు ఎవర్నీ లోపలికి రానియ్యకు. డైరెక్టరు వచ్చినా సరే."

"డైరెక్టరు సారును నేనెట్ల ఆపుతా మేడం?"

"నీ గొంతుతోని."

అదీ నిజమే.

మంగళవారం పొద్దున ఎర్ర బల్బు వెలిగింది. నేను తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. తలుపుకు చిన్న అద్దం ఉంది, దాంట్లోంచి ఇద్దరి వీపులూ కనబడతాయి. మధ్యాహ్నం వరకు అంతా బాగుంది. ఒంటి గంటకు అన్నానికి బయటకు వచ్చారు. నేను పచ్చడి డబ్బా తెరిచాను. సారు ఒక ముద్ద తిని ఆగిపోయాడు.

"ఈ పుదీనా ఎక్కడ కొంటారండీ? ఢిల్లీలో ఇంత ఘాటుగా దొరకదు."

"కొనుడెందుకు సారూ, మాదే. ఈ వెనకనే."

"ఇంత ఎండలోనా? చెయ్యి మంచిదండీ మీది."

మేడం, "ఆమె చెయ్యి పెడితె గోడకు గూడ ఆకులొస్తయి" అంది. నేను పొంగిపోయి ఆయనకు ఇంకో గరిటె వడ్డించాను.

అన్నం తిని లోపలికి పోయారు. మధ్యాహ్నం రెండున్నరకు తగువు మొదలైంది. అద్దంలోంచి చూస్తే మేడం కుర్చీ వెనక్కి జరిపి లేచింది. మాటలు వినబడుతున్నాయి.

"మీది మెట్టు దూకిందండీ."

"మీది దూకలేదని మీకెట్ల తెలుసు?"

"నాది కొత్త రకం మేడం, మెట్టు వెడల్పు, మంచం మీద పడుకున్నట్టు ఉంటుంది. మీది పాత రకం, సన్న మెట్టు. తుమ్మితే జారుతుంది."

"మరి పొద్దుగాల నుంచి ఎవరూ తుమ్మలేదా?"

మెట్టు దూకడం అంటే ఏమిటో మేడం తర్వాత చెప్పింది. పదో మెట్టు మీద నిలబడమంటే, ఎక్కడి నుంచో ఏదో కుదుపు తగిలి, చెప్పకుండా పదకొండో మెట్టు మీదికో తొమ్మిదో మెట్టు మీదికో పోతుంది. అప్పటి వరకు చూసిన లెక్కంతా చెత్త బుట్టకే. ఆ మధ్యాహ్నం ఇరవై సార్లు దూకింది.

బుధవారం పొద్దున మళ్ళీ బుద్ధిమంతురాలిలా నిలబడింది. సారు మాత్రం ఊరుకోలేదు. కుదుపు ఎక్కడి నుంచి వస్తోందో వెతకడం మొదలుపెట్టాడు. అందరి ఫోన్లు ఒక డ్రాయరులో పెట్టించాడు. లిఫ్టు ఆపించాడు. ట్యూబులైట్లు తీయించాడు. ఆ తర్వాత నా చీర కేసి చూశాడు.

"అమ్మా, ఏమనుకోకండి. ఆ చీర ఏ బట్టండీ?"

"మా ఆయన పోయినంక నా చీర సంగతి అడిగిన మొదటి మొగమనిషివి నువ్వే సారూ" అన్నాను. వరండాలో నిలబడ్డ వాళ్ళంతా నవ్వారు. సారు చెవులు ఎర్రగా అయ్యాయి. పాపం, ఆయన అడిగింది నైలానా అని. నైలాను చీర రాసుకుంటే అందులో చిన్న చిన్న మెరుపులు పుడతాయట, యంత్రానికి అవే ఎక్కువట. మరునాడు నూలు చీర కట్టుకొస్తానని చెప్పి, ఆ పూటకు పది అడుగుల దూరంలో మెట్ల మీద కూర్చున్నాను.

తర్వాత ఎలక్ట్రీషియన్ భాయ్‌ని పిలిచారు. మా ల్యాబులో చాలా ఏళ్ళ నుంచి ఉన్న మనిషి, చార్మినార్ వెనక గల్లీ నుంచి సైకిల్ మీద వస్తాడు. ఆయన గుంత దగ్గర మూడు ఇనుప కడ్డీలు పాతి, మీటరు పెట్టి చూశాడు. పొద్దున తొమ్మిదిన్నర. నేను నీళ్ళు పోసి అరగంట కూడా కాలేదు. పుదీనా మీద చుక్కలు ఇంకా మెరుస్తున్నాయి.

"ఏక్‌దం బఢియా ఉంది మేడం. ఎర్తింగ్‌ల ఏం ఖరాబీ లేదు" అన్నాడు.

సారు అడిగాడు. "ఈ ఏడు ఉప్పు, బొగ్గు వేశారా?"

"సాల్ సాల్ అక్కనే వేస్తది సార్."

ముగ్గురూ నా వైపు చూశారు. అప్పుడు చెప్పొచ్చు. చెబితే అయిపోయేది. కానీ ఢిల్లీ సారు ముందు, దిష్టి, పొట్లం అని ఎలా చెప్పను? నాలుక దానంతట అదే తిరిగింది.

"ఏసిన" అన్నాను.

"ఆమె వేసిన్నంటే వేసినట్టే. ఆ సంగతి ఇడిసిపెట్టుండ్రి" అంది మేడం, మళ్ళీ అడగాల్సిన పని లేదన్నట్టు చెయ్యి ఊపుతూ.

ఆ మాట మింగుడు పడలేదు. ఆమె ఇంకోసారి అడిగి ఉంటే తేలికగా ఉండేది.

బుధవారం మధ్యాహ్నం మెట్టు దూకింది. గురువారం పొద్దున నిలబడింది. నూలు చీర కట్టుకుని నేను అద్దం దగ్గర నిలబడి చూస్తున్నాను. పన్నెండు దాటాక ఒకసారి దూకింది. ఒంటి గంటకు రెండు సార్లు. ఇక ఆగలేదు. అన్నానికి మేడం బయటికి రాలేదు. సారు ఒక్కడే వచ్చి, పచ్చడి వైపు కూడా చూడకుండా నీళ్ళు తాగి కూర్చున్నాడు.

"ఏమైంది సారూ?"

"మీ మేడం రిపోర్టు మొదలుపెట్టారండీ. ఇక్కడి యంత్రంలోనే లోపం ఉంది, పోలిక కుదరలేదు అని రాస్తున్నారు. నేను ఆగమన్నాను, వినడం లేదు. రేపటితో హీలియం అయిపోతుంది కదా."

నేను పచ్చడి డబ్బా మూత పెట్టేశాను. పొద్దున బాగుంటుంది, ఎండ ఎక్కితే చెడుతుంది. పొద్దున నేనేం చేస్తాను? నీళ్ళు పోస్తాను. ఎండ ఎక్కితే ఏమవుతుంది? గుంత ఎండుతుంది. ఈ లెక్కకు చదువు అక్కర్లేదు. చీపుర్ల గదిలో తీగ చుడుతున్న భాయ్ దగ్గరికి పోయి తలుపు దగ్గరగా వేశాను.

"భాయ్, ఒక్క మాట. గుంతల ఉప్పు ఎందుకేస్తరు?"

"గట్ల అడుగుతవేంది అక్కా, ఇన్నేండ్ల సంది నువ్వే వేస్తివి."

"చెప్పరాదు."

"ఉప్పు ఉంటె మట్టిల నీళ్ళు నిలుస్తయి. ఉప్పు నీళ్ళల్ల కరెంటు జల్ది భూమిలకు దిగుతది. ఉత్త నీళ్ళు పోస్తె ఏముంది, రెండు గంటల్ల సూకా, ఎండిపోతది. అప్పుడు చెత్త కరెంటంత దిగనీకి తోవ లేక మిషన్లనే తిరుగుతుంటది."

"దిష్టికి కాదా?"

భాయ్ తీగ వదిలేశాడు. "దిష్టికయితె స్టోరుల నిమ్మకాయలు గూడ ఇస్తుండె గద అక్కా" అన్నాడు. అని, నా ముఖం చూశాడు. నా ముఖం నుంచి నేను ఆనుకున్న బస్తాల వైపు చూశాడు. గోనె తొలగించి ఒక బస్తాను వేలితో పొడిచాడు. "యా అల్లా" అని నెమ్మదిగా అని, ఆ బస్తా మీదే కూర్చున్నాడు.

"ఎన్నేండ్లయె?"

"మూడు."

"పోయి చెప్పు. నేను చెప్పను పో. కానీ నువ్వు చెప్పు."

నౌకరీ పోతుందని భయం వేయలేదంటే అబద్ధం. అంతకన్నా ఆ 'వేసిన్నంటే వేసినట్టే' దగ్గర నాకు అడుగు పడలేదు. వరండా పొడవు ముప్పై అడుగులు ఉంటుంది. ఆ రోజు మా ఇంటి నుంచి సంతోష్‌నగర్ నడిచినంత అయింది.

ఎర్ర బల్బు ఆరి ఉంది. మేడం కంప్యూటరు ముందు ఉంది, సారు పక్కన.

"మేడం, నేను ఉప్పు ఎయ్యలే."

ఆమె రాస్తూనే, "ఏ ఉప్పు?" అంది.

"గుంతల. ఏసిన్నని చెప్పిన గని ఎయ్యలే. మూడేండ్ల సంది ఎయ్యలే. ఉప్పేస్తె పుదీనా చస్తది."

మేడం చేతులు ఆగాయి. నన్ను చూసింది, సారును చూసింది. సారు కళ్ళద్దాలు తీసి తాడు మీద వదిలేశాడు. నేను దిష్టి సంగతి, పొట్లం సంగతి, బస్తాల సంగతి దాచకుండా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. పొట్లం ఎక్కడుందంటే తలుపు పైకి చూపించాను. సారు కుర్చీ ఎక్కి దాన్ని తీసి, విప్పి, అరచేతిలో ఉప్పును, బొగ్గును చూసి, "పదార్థాలు సరైనవేనండీ, కొలతే కాస్త తక్కువైంది" అన్నాడు.

ఆయన నవ్వాడు గానీ మేడం నవ్వలేదు.

"మూడేండ్లు పచ్చడి నేను గూడ తిన్న. ఉప్పు ఎయ్యకపోతివి, సరే. నాకు గూడ ఎందుకెయ్యాల్నో చెప్పాలని తోచలే" అంది. "కానీ నిన్న ఏసిన్నంటివి చూడు. నేను నిన్నటి సంది నా మిషన్‌ను తిట్టుకుంటున్న."

  ఆమె కుర్చీ జరిపి లేచింది.

"బస్తాలేడ ఉన్నయి?"

"భాయ్ కూసున్నడు మేడం వాటి మీద."

అప్పుడు నవ్వింది. నా ప్రాణం కుదుట పడింది.

పుదీనా నేనే పీకాను. ఎవరూ పీకమనలేదు, నేనే పీకాను. రెండు గంపల నిండా వచ్చింది. భాయ్ గునపంతో గొట్టం చుట్టూ మూరెడు లోతు తవ్వాడు. ఒక వరుస బొగ్గు, ఒక వరుస ఉప్పు. మూడేళ్ళలో ఉప్పు గడ్డకట్టి రాయిలా ఉంది, నేను రోకలితో చితక్కొట్టాను. సారు కూడా చొక్కా చేతులు మడిచి బిందె అందుకున్నాడు. మేడం కుళాయి తిప్పే పని పట్టింది. ఇరవై బిందెలో ఇంకా ఎక్కువో, లెక్క తప్పింది. నేల గుటుక్కు గుటుక్కుమని తాగుతుంటే వినడం నాకు అదే మొదటిసారి. తర్వాత పుదీనా గంపలు గేటు దగ్గర పెట్టి, ఇంటికి పోయే ప్రతి ఒక్కరికీ ఒక కట్ట ఇచ్చాను. ఆ రోజు రాత్రి సంతోష్‌నగర్ నుంచి ఉప్పుగూడ దాకా ఎన్ని ఇళ్ళల్లో పచ్చడి నూరారో.

శుక్రవారం పొద్దున బిందెలు పోసి, నేను మెట్ల మీద కూర్చున్నాను. ఇవాళ పొద్దున బాగుంటుందని అందరికీ తెలుసు, కాబట్టి ఎవరూ సంతోషపడలేదు. పన్నెండయింది. భాయ్ మీటరు తెచ్చి, ఈసారి నడి ఎండలో చూసి, బొటనవేలు లేపి చూపించాడు. ఒంటి గంటకు అన్నానికి ఎవరూ రాలేదు. రెండున్నరకు అద్దంలోంచి చూశాను. ఇద్దరి వీపులూ కదలడం లేదు. మూడయింది. ఒకసారి సారు లేచి, ఏ తీగలు ఎటున్నాయో చూసి అటువి ఇటు మార్చాడు, మళ్ళీ కూర్చున్నాడు. హీలియం ముల్లు అడుక్కు దిగుతోంది. నాలుగయింది. మెట్టు దూకలేదు. ఆ మధ్యాహ్నమంతా దూకలేదు. అయిదు దాటాక డబ్బాలోంచి చివరి పొగ వచ్చి ఆగిపోయింది, మేడం తలుపు తీసింది. ఆమె జడ చెదిరి ఉంది, ముఖం మాత్రం కొత్త పెళ్ళికూతురిలా ఉంది.

"కలిసినయా?" అన్నాను.

"ఒక్క వోల్టును వంద కోట్ల ముక్కలు చెయ్యి. అండ్ల ఒక్క ముక్క గూడ తేడా లేదు."

"మరి ఇంక చిన్న తేడా ఉంటె?"

"ఉంటె ఉండొచ్చు. అది చూసేటందుకు మా కాడ కన్ను లేదు. లేదని చెప్పము, కనబడలేదని చెప్తం."

"రెండిట్ల ఏది నిజమైంది మేడం?"

"రెండూ ఒకటే మాట చెప్తున్నయి. దాని కంటె మీదికి పోయి అడిగేటందుకు ఇంకో మిషన్ లేదు" అంది.

నాకు అది సరిగ్గా అర్థమైంది. మా అత్తకూ అర్థమయ్యేది.

చాయ్ తెచ్చాను. ఇద్దరూ రిపోర్టు ముందు కూర్చున్నారు. మొదటి మూడు రోజుల మధ్యాహ్నపు లెక్కలు ఎందుకు కొట్టేశారో రాయాలట. రాయకపోతే దొంగలెక్క అవుతుందట.

"ఏమని రాద్దామండీ? పుదీనా అంటే నమ్మరు" అన్నాడు సారు.

"ఎర్తింగ్ సరిగ్గ చూసుకోలేదు, తెలిసినంక బాగు చేసినం అని రాస్తం. ఉన్నదే గద."

నేను గ్లాసులు తీస్తూ అడిగాను. "నా పేరు రాస్తరా మేడం?"

"నీ పేరెందుకు? బాధ్యులు అన్న కాడ నా పేరుంటది. గది నాది" అంది. తర్వాత తల ఎత్తకుండానే, "రేపటి సంది గుంతకు రిజిస్టరు పెడ్తున్న. నీళ్ళు పోసినంక రోజూ సంతకం పెట్టు. ఉప్పేసిన దినం నన్ను పిలిచి చూపియ్యి" అంది.

"మీరు నమ్మరా ఇంక?"

"నమ్ముత. చూస్త గూడ. రోజంతా గీ గదిల చేసేది అదే గద."

సారు అప్పటి వరకు ఏదో ఆలోచిస్తూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి డ్రాయరులోంచి తన ఫోను తీసి ఢిల్లీకి చేశాడు. అవతల ఎవరో చిన్న ఆఫీసరు ఎత్తినట్టున్నాడు. సారు హిందీలో, పోలిక బాగా కుదిరిందని చెప్పాడు, యంత్రం ఆదివారం బయలుదేరుతుందని చెప్పాడు. తర్వాత గొంతు సవరించుకుని అడిగాడు.

"ఒక్క మాట చెప్పు. మన దగ్గర ఎర్తింగ్ గుంతలో నీళ్ళు ఎవరు పోస్తారు?"

అవతల మాట రాలేదు. ఫోను పోయిందేమోనని సారు చెవి దగ్గర నుంచి తీసి చూశాడు, పోలేదు. మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు. మేడం పెన్ను కింద పెట్టి వింటోంది. గ్లాసులు పట్టుకుని నేనూ నిలబడిపోయాను.

కాసేపటికి సారు ఫోను పెట్టేసి మా ఇద్దరినీ చూశాడు.

"ఏమన్నడు సారూ?" అన్నాను.

"ముందు గుంత ఎక్కడుందో కనుక్కుని చెబుతాడటండీ."